ఆ పక్క ఏమీ లేదు

అయినా ఏమీ లేకపోవడమంటే ఎట్లుంటుంది, నల్లగా ఉంటుందా అని అడిగితే నల్లగా కూడా లేదక్కా, నీకు వీపు వెనకాల ఏం కనిపిస్తాది, అట్లనే, అన్నాడు సురేంద్ర, నందిత తమ్ముడి మంచం పక్కన కూర్చుని తల తిప్పకుండానే తన వీపు వెనకాలకు చూడబోయింది, ఎదురుగా తిరుపతి ఆసుపత్రి వార్డు ఉంది, కిటికీలో ఎండ పడిన కొండ ఉంది, వెనకాల మాత్రం చీకటి కూడా లేదు, కళ్లు బాగుండాయమ్మా, మెదడులో వెనకభాగానికి రక్తం అందక ఎడమ పక్క చూపు పోయింది అని డాక్టర్ ఉదయలక్ష్మి చెప్పింది, వీడేమో శ్రీసిటీ ఫ్యాక్టరీలో కెమెరాలు చూసుకునే మనిషి, తయారైన వాటిల్లో గీత పడిన ముక్కను కెమెరా తనంతట తానే కనిపెట్టి పక్కకు తోయడం వీడియో తీసి పంపేవాడు, సూడక్కా, ఇది సూస్తాది, నువ్వేమో కాదంటావు, అవును, నందిత కాదనే అంది, యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెప్తూ యంత్రానికి మనసుంటుందా అన్నదాని మీదే పుస్తకం రాస్తోంది కదా, చూడడమంటే లోపల ఒకరుండాలిరా, నాకు కనిపిస్తోందని తెలిసేవాళ్లు, వాళ్లు లేకపోతే అది చూపు కాదు, ఉట్టి కొలత అంది, ఎంత ధీమాగా అంది, నిన్న వీడు గోడకేసి తిరిగి ఇంక నన్ను పనిలో పెట్టుకుంటారా అక్కా అన్నప్పుడు మాత్రం వాడి దుప్పటి సర్దింది.

నడిపించి చూద్దాం అంది డాక్టరమ్మ, వాకిలి మీదే చూపు పెట్టు, అటూ ఇటూ తల తిప్పొద్దు అంది, వాడు లేచినాడు, ఒక్కో అడుగూ వేస్తున్నాడు, దారిలో ఎడమ పక్కగా ఎవరో వదిలేసిన స్టూలు, అయ్యో అని అరవబోతే డాక్టరమ్మ చేయి పట్టి ఆపింది, పడతాడు, ఇప్పుడు పడతాడు, వాడి భుజం కాస్త ఒంగింది, కాలు కుడికి జరిగింది, స్టూలును తాకకుండా పోయినాడు, దాని తర్వాత ఉన్న బకెట్టునూ తప్పించినాడు, ఎందుకురా వంకరగా నడిచినావు అంటే నేనా, నేరుగానే వచ్చినా గదక్కా అంటాడు, వచ్చిన దారిలో ఎడమ పక్క ఏముండిందిరా, ఏమీ లేదు అంటాడు, భుజాలు పట్టి వెనక్కి తిప్పింది, వాడు స్టూలును చూసినాడు, బకెట్టును చూసినాడు, వంగి తన కాళ్లను చూసుకున్నాడు, అక్కా, మరి ఎవరు సూసినారు?

నువ్వేరా అంది నందిత, కొందరిలో ఇట్లా ఉంటుందమ్మా, కంటి నుంచి మెదడుకు వేరే దారులు కూడా ఉండాయి, సాధన చేయిస్తే పనికొస్తుందేమో చూద్దాం అని డాక్టరమ్మ ఏదో చెప్తోంది, వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు, ఇంకోసారి నడుస్తానక్కా అంటున్నాడు, పొద్దున తను స్కూటర్ మీద వీడి గురించే తలుచుకుంటూ వచ్చింది, ఎక్కడ ఆగిందో ఏ ఆవును తప్పించిందో ఒక్కటీ గుర్తు లేదు, మరి ఆ దారిని ఎవరు చూసినారు, లోపల ఒకరుండాలి అని ఇన్నాళ్లూ తను వెతికింది చూస్తున్నానని బయటికి చెప్పేవాళ్లనే కాబోలు, చెప్పేవాళ్లకు కబురందకుండానే ఇంత చూపు ఈ ఒంట్లో మసులుతోంది, ఇంక ఆ ఫ్యాక్టరీ కెమెరాలో ఎవరూ లేరని ఏ నోటితో అనాలి, ఉన్నారని మాత్రం ఎట్లా అనాలి, వాడు మళ్లీ నడుస్తున్నాడు, ఆమె చూస్తోంది, మనిషిలో చూసేది, నేను చూస్తున్నానని చెప్పేదానికన్నా ఎంతో పెద్దది.