పేరు పెట్టకూడని అచ్చు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు మనవరాలితో పాటే వచ్చాయి, కాబట్టి రాతలో తప్పులుంటే మన్నించండి. నా చెయ్యి కూడా నెమ్మది. రేవులో పడవ కోసం కూర్చున్నట్టు కాస్త ఓపిక పట్టండి. ఇది నా చెల్లెలి కూతురు రోస్వి కథ. రొయ్యలు ఒలుస్తూ తను చెప్పింది, నేను రాశాను. కంప్యూటర్ సంగతుల్లో ఎక్కడైనా పొరపాటు ఉంటే అది నాదే, తనది కాదు.

రోస్వి మా దీవి కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది, పాఠమూ చెబుతుంది. ఆమెకు చిక్కంతా ఇంటర్నెట్ లైనుతోనే. సముద్రం అడుగునుంచి వచ్చే ఆ లైను కాలేజీ చేరేసరికి ఎండాకాలపు కుళాయిధార అయిపోతుంది. తరగతిలో పిల్లలు ఎవరి సర్వరు వారు నిలబెట్టడం నేర్చుకోవాలి. అన్ని సర్వర్లు ఎవరు కొనిపెడతారు? అందుకని ఒక్క పెద్ద సర్వరులోనే చిన్న చిన్న గదులు కట్టి, ఒక్కో గదినీ ఒక్కో సర్వరులా వాడుకుంటారు. వాటిని కంటైనర్లంటారు. గది కట్టడానికి నమూనా బయటినుంచి దిగాలి, గదిలోకి కావలసిన సామానూ బయటినుంచే దిగాలి. తరగతి తరగతంతా ఒకే సామాను కోసం ఆ సన్నటి ధార కింద బిందెలు పెట్టేవారు. గంట కొట్టేసరికి ఎవరి బిందెలోనూ అడుగు కూడా తడిసేది కాదు.

ఇది పెద్ద దీవిలోని పై ఆఫీసు చెవిన పడింది. కంప్యూటర్ కోర్సును అక్కడికే మార్చేద్దామని ఆలోచన మొదలైంది. అధికారిణి యూఫ్రొసీనా మేడమ్ శుక్రవారం వచ్చి ఒక తరగతి మొదటినుంచి చివరిదాకా చూస్తారు. పిల్లలందరి సర్వర్లూ ఆ తరగతిలోనే లేచి నిలబడితే కోర్సు ఇక్కడే ఉంటుంది, లేకపోతే సముద్రం దాటిపోతుంది. కోర్సు దాటగలదు గానీ పిల్లలు దాటలేరు. అవతలి ఒడ్డున గది అద్దెకు తీసుకుని చదివే స్తోమత జాలర్ల ఇళ్లలో ఎక్కడిది? అందరికంటే చురుకైన మెర్లిండా అయితే ముందే తేల్చి చెప్పింది. "కోర్సు పోతే నేను మళ్లీ అమ్మ పక్కన కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తాను మేడమ్. ఎండుచేపలకు ఇంటర్నెట్ అక్కర్లేదుగా." నవ్వుతూనే అంది గానీ రోస్వికి ఆ రోజు అన్నం సహించలేదు.

అప్పుడామె సర్వరులో రెండు పనిముట్లు పెట్టాలని నిశ్చయించుకుంది. ఒకటి అచ్చుల్ని చూసుకునేది. పుటో అనే ఆవిరి బియ్యపు రొట్టెలు వండే మనిషి ఒక్కో ముద్దనీ చేత్తో గుండ్రంగా చెయ్యదు కదా, అచ్చులో పోస్తుంది. అలాగే కంటైనర్ నమూనాను ఒక్కసారి దించి, కావలసినట్టు మలచి, అచ్చుగా దాచిపెడితే పిల్లలు అడిగినప్పుడల్లా అందులోంచి ఒక్కో గది తీసి ఇవ్వొచ్చు. రెండోది సామాను దాచేది. వీధి చివర కొట్టు ఉండగా సబ్బుబిళ్ల కోసం ఇంటింటినుంచీ ఒకరు పడవెక్కి పట్నం వెళ్లరు. కొట్టామె ఒకసారి వెళ్లి పెట్టెలతో తెస్తుంది. ఎవరైనా ఒకరు ఒక ప్యాకేజీ అడిగితే ఈ పనిముట్టు దాన్ని బయటినుంచి తెచ్చి ఇస్తూ, తన దగ్గర ఒక ప్రతి ఉంచుకుంటుంది. తరవాత అడిగినవాళ్లందరికీ ఇంట్లోదే ఇస్తుంది. బయటి దారి మూసుకుపోతే కంగారుపడకుండా దాచిన సరుకూ పాత సరుకుల పట్టీతోనే పని నడిపించమని కూడా రోస్వి దానికి చెప్పి ఉంచింది.

చెప్పినంత సులువుగా జరగలేదు. మొదటి నమూనా దిగడానికి పొద్దున్న మొదలుపెడితే క్యాంటీన్ నడిపే మనాంగ్ పాసింగ్, అంటే పాసింగ్ అక్క, మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించే వేళకు దిగింది. తెరమీద అంకె తాబేలులా కదులుతుంటే పాసింగ్ కిటికీలోంచి తొంగి చూసి, "ఇది దిగేలోపు నేను వెళ్లి మోసుకొచ్చేదాన్ని ఇందాయ్ తల్లీ, ఎక్కడుందో చెప్పకపోయావా," అంది.

అచ్చు తయారుచేసే ముందు రోస్వి ఆ కంటైనర్‌ను పెళ్లికూతురిలా ముస్తాబు చేసింది. అవసరమైనవన్నీ అందులో అమర్చింది. ఆమె పడవవాడి కూతురు. పేరు రాయని పడవను నీళ్లలోకి దించితే అది తిరిగి ఒడ్డుకు రాదని పాలతో పాటు విన్న మనిషి. అందుకే దానికి తండ్రి పడవ పేరు, సాంతా రీతా అని పెట్టింది. రేవులో పడవకో చోటు ఉన్నట్టు దానికో స్థిరమైన చిరునామా కూడా ఇచ్చింది. అప్పుడు తృప్తిగా అచ్చు తీసింది.

బుధవారం పిల్లలతో సాధన మొదలుపెట్టారు. మెర్లిండా అందరికంటే ముందు తన కంటైనర్‌ను లేపింది. టీ చల్లారేలోపు, రోస్వి ముందే దాచి ఉంచిన సామాను వచ్చి చేరింది. రోస్వి గుండె గాల్లో తేలింది. పక్క బల్లమీద రోదెల్ తనది లేపాడు. అంతే, మెర్లిండాది చచ్చిపోయింది.

"ఏంట్రా, నాది పీకేశావా?"

"నీ జోలికే రాలేదు. నీ చెయ్యే అలాంటిది, చేపలు కూడా నిన్ను చూస్తే ఎండిపోతాయి."

మూడోవాడు లేపితే రోదెల్‌ది పోయింది. ఆపైన గది సంత అయిపోయింది. నాది నువ్వు తన్నేశావంటే నాది నువ్వు తన్నేశావని బల్లల మీదినుంచి అరుచుకున్నారు. ఒకరిది లేస్తే ఒకరిది కూలుతోంది. రోస్వి తీగలు మార్చింది, పెట్టె తెరిచి మూసింది, చేసిన అమరికలన్నీ మొదటినుంచీ చూసుకుంది. ఏమీ అంతుపట్టలేదు.

ప్రిన్సిపాల్ అపోలినార్ సర్‌కు మాత్రం కారణం వెంటనే దొరికింది. సర్వరు కొత్త కొలువుకెక్కిందిగా, ఫాదర్ చేత దీవెన చేయించారా అని అడిగారు. లేదంటే అయ్యో అన్నారు. పోయినేడు జిరాక్సు మిషనుకు దీవెన చేయించకపోతే దానిలో ఎలుక పిల్లల్ని పెట్టిన సంగతి గుర్తుచేశారు. రోస్వికి ఒళ్లు మండింది గానీ, తనకే దారి తోచనప్పుడు ఎదుటివాళ్ల దారిని కాదనడం ఎలా? సరేనంది.

గురువారం పొద్దున్నే ఫాదర్ ఇరెనియో తీర్థపు పాత్రతో వచ్చారు. పాసింగ్ ఒక పెద్ద పళ్లెం పన్సిత్ నూడుల్స్ తెచ్చి, బాప్తిస్మంలో బిడ్డను ఎత్తుకున్నట్టు సర్వరుకు జ్ఞానమాతను నేనే, ఇంకెవరూ ఎగబడక్కర్లేదని ప్రకటించింది. రోస్వి తన వానకోటు విప్పి సర్వరు మీద కప్పింది.

"కోటు మీద చల్లితే దీవెన లోపలికి దిగుతుందా?" అన్నారు ఫాదర్.

"దీవెన దిగుతుంది ఫాదర్. నీళ్లు దిగకూడదు, అంతే."

ఆయన నవ్వి, ఇంతకీ ఇది ఏం చేస్తుందని అడిగారు. ఇందులో ఒక అచ్చుంది, పిల్లల సర్వర్లన్నీ అందులోంచే పుడతాయని ఆమె చెప్పింది. ఆయన పుస్తకం తెరిచి, అలవాటు కొద్దీ, "బిడ్డకు ఏం పేరు పెట్టారు?" అన్నారు.

"సాంతా రీతా."

"ఎవరికి, అచ్చుకా?"

"అవును ఫాదర్."

"అచ్చుకు పేరెందుకమ్మా? పుట్టినవాళ్లకు కదా నేను పేరు పెట్టేది. అచ్చుకే పెట్టేస్తే దాన్లోంచి వచ్చినవాళ్లంతా రీతాలే అవుతారు. ఇంటికొచ్చి పిలిస్తే ఎవరు పలకాలి?"

ఆయన వేళాకోళానికే అన్నారు. అపోలినార్ సర్ నవ్వారు, పాసింగ్ నవ్వింది. రోస్వి నవ్వలేదు. వానకోటు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె కళ్లముందు ఒక రేవు కనబడింది. దానిలో ఒకే ఒక్క చోటు. సాంతా రీతా అని రాసుకున్న పడవలన్నీ ఆ చోటు నాదంటే నాదని ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి. అచ్చులోనే పేరూ చిరునామా ఉండిపోతే పుట్టిన ప్రతిదీ వాటితోనే పుడుతుంది. కొత్తది వచ్చి ఆ చోట నిలబడగానే పాతది నీళ్లలో పడుతుంది. పిల్లలు ఎవర్నీ తన్నలేదు. అందర్నీ తన్నింది నాన్న పడవే.

"ఫాదర్, త్వరగా కానివ్వండి," అంది.

"దీవెనకు తొందరేంటమ్మా?"

"పని చేసేసింది, అందుకని."

తీర్థం చల్లడం అయిందో లేదో కోటు లాగేసి కుర్చీలో కూర్చుంది. కంటైనర్‌లోంచి పేరు తుడిచేసింది, చిరునామా తుడిచేసింది, దానికంటూ సొంతంగా ఉన్న గుర్తులన్నీ తీసేసింది. పుట్టినప్పుడు పిల్లలే పేరు పెట్టాలి, చిరునామా ల్యాబ్‌లో చిరునామాలు పంచే యంత్రాన్ని అడిగి తెచ్చుకోవాలి. అలా అమర్చి అచ్చు మళ్లీ తీసింది. మెర్లిండానూ రోదెల్‌నూ పిలిచి పక్కపక్కనే కూర్చోబెట్టింది. ఇద్దరివీ లేచాయి, ఇద్దరివీ నిలిచాయి. ఇద్దరూ ఒకరి తెర ఒకరు అనుమానంగా చూసుకున్నారు. తరవాత మిగతా పిల్లలంతా కూర్చుని పాఠం మొత్తం ఒకసారి చేసి చూశారు. పన్సిత్ పళ్లెంలో నిమ్మతొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు.

శుక్రవారం యూఫ్రొసీనా మేడమ్ వచ్చారు. పడవలో కడుపు తిప్పినట్టుంది, మొహం వాడిపోయి ఉంది. నవ్వకుండానే వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. పిల్లలు పని మొదలుపెట్టారు. కాసేపు చూసి, ఆవిడ ఖాళీ కంప్యూటర్ ముందుకు జరిగి, నేనూ ఒకటి లేపొచ్చా అన్నారు. లేపండి మేడమ్ అంది రోస్వి. కంటైనర్ లేచి పేరేమిటని అడిగింది. ఆవిడ ఆలోచించి తన మేక పేరు కొట్టారు. దానికి కావలసిన సామాను అడిగారు. నోట్లో వేసుకున్న మిఠాయి కరిగేలోపు అంతా వచ్చేసింది.

అప్పుడే ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గరికి వచ్చి, పొద్దున్నించీ బయటి లైను చచ్చిపోయిందని, మేడమ్ గారి తిరుగు టికెట్టు ఖాయం చేయలేకపోతున్నానని చెప్పాడు.

యూఫ్రొసీనా మేడమ్ తన తెర చూశారు. పిల్లల తెరలు చూశారు. అన్నింటి మీదా అక్షరాల వరసలు వానచినుకుల్లా జారుతూనే ఉన్నాయి.

"మరి ఇవన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయి?"

"మా కొట్లోంచి మేడమ్," అంది మెర్లిండా, రోస్వి నోరు తెరిచేలోపు. "నిన్ననే సరుకు దింపుకున్నాం."

ఆవిడ మొదటిసారి నవ్వారు. గంట కొట్టేదాకా కదల్లేదు. ఎవరిదీ పడిపోలేదు. వెళ్లే ముందు రోస్విని పక్కకు పిలిచి, కోర్సు కదపొద్దని రాస్తానని, తన రాతను పై ఆఫీసులో కాదనేవాళ్లు లేరని చెప్పారు. తరవాత గొంతు తగ్గించి, పెద్ద దీవి కాలేజీలోనూ ఇదే అవస్థని, ఆ అచ్చూ కొట్టూ తమకూ పెట్టి ఇస్తావా అని అడిగారు.

"ఇస్తాను మేడమ్. నేనే వచ్చి పెడతాను."

అపోలినార్ సర్ వెనకనుంచి వచ్చి, ఫాదర్‌ను కూడా వెంట తీసుకెళ్లమన్నారు.

"ఫాదర్ వస్తే వానకోట్లు రెండు కావాలి సర్," అంది రోస్వి.

జూన్‌లో కోర్సు ఇక్కడే మొదలైంది. మెర్లిండా రెండో ఏడులో చేరింది. చేపలకు వాళ్లమ్మ ఒక్కతే ఉప్పు పట్టిస్తోంది, అందుకు ఆమెకు ఏ బాధా లేదు.

లియోనిలా ఫెతల్వేరో
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉంటున్నది కాలాత్రావా, తబ్లాస్ దీవి