తనిఖీనాటి కూతురు

"ఇల్లూ బడీ చేయీ చేయీ కలిపితే పిల్లలు బంగారం" అని రాసిన బ్యానరు బడి వసారాకి అడ్డంగా వేలాడుతోంది. దాని అంచులు కుట్టింది మిషనమ్మే. పొద్దస్తమానం కుట్టుమిషను ముందే ఉంటుంది కాబట్టి వీధిలో ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. బడికి ఆమె చేసే సేవ అంతా ఇంతా కాదు. పిల్లల చొక్కాలకు ఊడిన గుండీలు కుడుతుంది, కిటికీలకు తెరలు కుడుతుంది, టీచరమ్మ ఒళ్ళు చేసినప్పుడల్లా ఆవిడ బట్టలు వదులు చేసిపెడుతుంది. పిలిచినా వెళ్తుంది, పిలవకపోయినా వెళ్తుంది. ఊరికే పుణ్యానికి మాత్రం కాదు. ఆమె కూతురు మూడో తరగతికి వచ్చి కూడా మూడో తరగతి పుస్తకంలో ఒక్క పేజీ తిన్నగా చదవలేదు.

ఆ పిల్లను ఇంట్లో గువ్వ అంటారు. మాటలైతే కోటలు దాటుతాయి. పుస్తకం తెరిచారా, నోరు పడిపోతుంది. చదవలేని పిల్లల కోసం ఆ బడిలో వెనకవైపు ఒక గది ఉంది. కాళ్ళు విరిగిన బల్లలూ, పాత డబ్బాలూ, వాటి మధ్య కొందరు పిల్లలూ ఉంటారు. చెప్పేవాళ్ళు లేరు. అందులోకి వెళ్ళిన పిల్ల మళ్ళీ ముందు గదుల్లోకి రావడం ఎవరూ చూడలేదు. తెరలకు కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు మిషనమ్మ ఆ గది గుమ్మం దగ్గర ఆగింది. "దానికి తెరలు అక్కర్లేదులెండి" అన్నాడు బంట్రోతు. ఏడాది చివర ఎవరిని అందులోకి తోయాలో తేల్చేది టీచరమ్మే. మిషనమ్మ గుండెల మీద కుంపటి అదే.

అందుకని ఇంట్లో తానే చదువు మొదలుపెట్టింది. తను చదివింది ఐదో తరగతి. మిగిలిపోయిన గుడ్డపీలికల్లోంచి అక్షరాలు కత్తిరించి, కత్తిరింపుల బల్ల మీద పరిచి, పిల్ల వేలు పట్టుకుని వాటి మీద తిప్పించేది. గుడ్డకు రెండు వైపులా ఒకే రంగు కావడంతో కొన్ని అక్షరాలు తిరగబడ్డాయి. వారం పాటు పిల్ల వాటిని తిరగేసే నేర్చుకుంది. తప్పు తనదని తెలిశాక కూడా తల్లి పిల్లకే రెండు తగిలించింది. ఎవరికో ఒకరికి తగలాలి కదా మరి. ఆ తర్వాత మంచివైపున సుద్దతో గీత పెట్టి మళ్ళీ నేర్పింది. చివరికి పుస్తకంలోని వాన పాఠం గువ్వ నాలుక మీదికి మెల్లమెల్లగా ఎక్కడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ కబురు పెట్టింది.

"పెద్ద ఆఫీసరుగారు తనిఖీకి వస్తున్నారమ్మా. ఈసారి ఆయనకి పిల్లలు చదివితే చాలదట. పక్కన తల్లి కూడా కూర్చోవాలట. ఇంట్లో ఎలా నేర్పించిందో ఆ తల్లే చెప్పాలట. మీరుండగా నాకేం బెంగ?"

మిషనమ్మ మొహం చేటంత అయింది. "మా గువ్వ ఇప్పుడు వాన పాఠం చదువుతోంది మేడమ్!"

"చదువుతోందా, ఏరుకుంటోందా?" అని నవ్వింది టీచరమ్మ. "మీకు ముద్దుగానే ఉంటుందిలెండి. కాకిపిల్ల కాకికి ముద్దు. తనిఖీకి వచ్చేవాళ్ళకి కాదుగా! మందుల షాపాయన కూతురుంది చూశారూ, గలగలా చదువుతుంది. వాళ్ళమ్మేమో బడి గుమ్మం తొక్కదు. వాళ్ళకి పిల్ల ఉంది, మీకు ఓపిక ఉంది. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మా అమ్మాయే అనండి. ఒక్క గంట."

"మరి మా పిల్ల?"

"ఆ రోజుకి జ్వరం అనుకోండి." టీచరమ్మ గొంతు తగ్గించింది. "వెనక గది సంగతి నాకు వదిలేయండి. మీరు బడికి సాయపడితే బడి మీకు సాయపడదూ?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకుంటూ ఇంటికి నడిచింది మిషనమ్మ. పైకి అలా అనుకుంది గానీ, ఆఫీసరు ముందు గలగలా చదివే పిల్ల పక్కన తల్లిలా కూర్చోవడం తలుచుకుంటే ఆమెకు లోపల ఎక్కడో కాస్త సంతోషం కూడా వేసింది. ఆ సంతోషానికి సిగ్గుపడింది కూడా. కానీ పనికి ఒప్పుకున్నాక సిగ్గుపడితే ఎవరికి లాభం?

తనిఖీ రోజు పొద్దున్నే గువ్వ తల దువ్వుకుని, పుస్తకం చేత పట్టుకుని తయారైపోయింది.

"నువ్వు పడుకోవే. నీకు జ్వరం."

గువ్వ నుదురు తడుముకుంది. "చల్లగానే ఉందమ్మా."

"లోపలి జ్వరం. బయటికి తెలీదు."

"ఇవాళ ఆఫీసరుగారు వస్తారటగా? నేను చదువుతానమ్మా. మొత్తం వచ్చేసింది. కావాలంటే వినవే!"

"నీ చదువు ఎవడికి కావాలే? గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను." మిషనమ్మ తలుపు దగ్గరికి లాగి, కట్టుకున్న మంచి చీర కొంగుతోనే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. పిల్ల చివరి మాట వినే తీరిక కూడా ఆమెకు లేకపోయింది.

తరగతి గదిలో అంతా అనుకున్నట్టే జరిగింది. మందుల షాపాయన కూతురు గుక్క తిప్పుకోకుండా చదివింది. ఆఫీసరుగారు మంచాయన. కళ్ళజోడు తీసి మరీ మెచ్చుకున్నాడు.

"మీరే నేర్పించారా అమ్మా?"

"అవునండి." గుడ్డ అక్షరాల సంగతీ, అవి తిరగబడిన సంగతీ, సుద్ద గీతల సంగతీ ఒక్కటీ దాచకుండా చెప్పింది మిషనమ్మ. చెప్పినదంతా నిజమే, పిల్ల ఒక్కతే అబద్ధం. చెప్తూ చెప్తూ ఆమె చెయ్యి దానంతటదే పక్క పిల్ల తల నిమిరింది.

"మరి అంతకుముందు?"

"అయ్యో, ఒక్క ముక్క వచ్చేది కాదండి. వట్టి మొద్దు. దీన్ని కన్న కడుపుని తిట్టుకునేదాన్ని." తన మాటకు తనే నవ్వింది. ఆఫీసరుగారు నవ్వాడు. టీచరమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

నవ్వుతూ తలెత్తేసరికి గుమ్మంలో గువ్వ.

కాళ్ళకు చెప్పుల్లేవు. పుస్తకం గుండెలకు అదుముకుని ఆయాసపడుతోంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరికి తెలుసు? టీచరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరీ పాప?" అన్నాడు ఆఫీసరుగారు.

టీచరమ్మ మిషనమ్మ వైపు చూసింది. ఆ చూపులో వెనక గది మొత్తం కనిపించింది మిషనమ్మకు.

"మా వీధి పిల్లండి," అంది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "కాస్త మందం. ఎక్కడికి పడితే అక్కడికి వచ్చేస్తుంది, ఏమీ అనుకోకండి."

గువ్వ అమ్మ మొహం చూసింది. పక్క పిల్ల జడ మీద ఉన్న అమ్మ చెయ్యి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మిషనమ్మకు ప్రాణం కొట్టుకుంది.

"మందమైతే ఏం? రా తల్లీ, చదువుతావా?" ఆఫీసరుగారు దగ్గరికి పిలిచాడు.

గువ్వ వెళ్ళి, పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని చదివింది. మెల్లగా చదివింది. మబ్బు అన్న మాట దగ్గర ఒకసారి ఆగింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ సాగింది. ఒక్క అక్షరం తప్పు పోకుండా పేజీ చివరిదాకా వచ్చింది. ఇన్ని నెలలుగా మిషనమ్మ కలలో కూడా కోరుకున్న చదువు అది. ఇప్పుడు దాన్ని వీధిలో పిల్ల చదువులా వింటూ కూర్చుంది.

"శభాష్! ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా అమ్మండి."

"ఆహా! ఏదీ, మీ అమ్మ ఎక్కడ?"

పిల్ల వేలెత్తి ఈమే అని చూపిస్తే చాలు, వెనక గదైనా సరే, బడి మానేసినా సరే అనిపించింది మిషనమ్మకు. ఆ మాట తనే అనొచ్చు. లేచి నిలబడి నా బిడ్డే అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ మాట కూడా పిల్లే అనాలని కూర్చుంది.

గువ్వ ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది.

"రాలేదండి," అంది.

ఆఫీసరుగారు నిట్టూర్చాడు. "చూశారా టీచర్‌గారూ, ఇదే మన కష్టం. పిల్లలకి తెలివి ఉంటుంది, కన్నవాళ్ళకే పట్టదు." గువ్వ భుజం తట్టి మిషనమ్మను చూపించాడు. "మీ అమ్మకి చెప్పు తల్లీ, ఈవిడని చూసి నేర్చుకోమని."

"చెప్తానండి," అంది గువ్వ.

అందరూ చప్పట్లు కొట్టారు. మిషనమ్మ కూడా కొట్టింది.