బూడిద నేల పట్టు

గొయ్యి అంచు విరిగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆరేసిన తడి దుప్పటి దండెం మీంచి జారినట్టు జారిందంతే. మార్నీ అప్పుడు వంగి అడుగుపొరలో మట్టిని వేళ్ళతో నలుపుతోంది. తల ఎత్తేలోపు ఎగువ గోడ వచ్చి ఆమెను నడుందాకా కప్పేసింది.

మొదట ఆమెకి నవ్వొచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ కొండల్లో నేలల సర్వే చేస్తున్న మనిషి, తాను తవ్వించిన గోతిలో తానే పడడం. నవ్వుకుంటూనే కుడికాలు పైకి లాగబోయింది. కాలు కదిలిన మేరకు మట్టి గంజిలా పలచబడి, ఆమె ఆగగానే బిగుసుకుంది. ముందుకంటే కాస్త గట్టిగా, కాస్త పైదాకా.

దాంతో నవ్వు పోయింది.

ఆ మట్టి సంగతి ఆమెకి తెలియంది కాదు. ఎప్పుడో దక్షిణాన పర్వతం పేలి ఆ బూడిదంతా ఇక్కడ కురిసింది. దానిమీద వేల ఏళ్ళు గడ్డి మొలిచి, చచ్చి, మళ్ళీ మొలిచి, ఈ చలిలో పూర్తిగా కుళ్ళడానికి వీల్లేక పైపొరంతా నల్లగా మారింది. ఎండితే పేలాల్లా తేలిక. తన బరువుకి మించి నీళ్ళు తాగి కూడా ఏమీ ఎరగనట్టు పొడిగా కనబడుతుంది. చిటికెడు తీసి నలిపితే మాత్రం ఉన్నట్టుండి జారుడై నీళ్ళు వదిలేస్తుంది. పొద్దున కాఫీ తాగుతూ డెల్బర్ట్‌కి అది చేసి చూపించింది.

"అచ్చం మీ అక్కే," అన్నాడాయన. "పైకి పొడిపొడిగా మాట్లాడుతుంది. ఇంకాస్త కదిపితే ఏడుపే."

డెల్బర్ట్ ఆమె అక్క నడీన్ భర్త. బండ్లు రానివ్వని ఈ ఎత్తుల్లోకి కంచరగాడిదల మీద సామాను మోయించడం ఆయన పని. ప్రతి ఏడూ మంచు పడేలోపు మార్నీకి గుడారం, పనిముట్లు, తిండి ఆయనే తెచ్చిపెడతాడు.

"బావా," అని పిలిచింది. అరవలేదు. అరిస్తే మిగతా గోడ కూడా దిగుతుందేమోనని భయం.

ఫర్ చెట్ల కింద కట్టిన గాడిదల దగ్గర, తానెక్కే బిస్కెట్ పక్కనుంచి, ఆయన మెల్లగా వచ్చాడు.

"అంచుకి రాకు. బోర్లా పడుకుని పాకుతూ రా."

ఆయన అలాగే పాకి, తల గోతిలోకి పెట్టాడు. "ఎంతదాకా పడింది?"

సూటిగా ఆమెవైపే చూస్తున్నాడు. చూస్తూ అడుగుతాడేమిటి అనుకుంది.

"నడుందాకా. దెబ్బలేం లేవు. రేడియో నా కోటు జేబులో ఉంది, కోటు ఈ మట్టి కింద ఉంది. నువ్వు బిస్కెట్‌నెక్కి కిందికి పో. అటవీశాఖ వాళ్ళు చెక్‌పోస్టు దగ్గరుంటారు. పొద్దుపోయేలోగా మనుషుల్ని తేగలవు."

ఆయన కదల్లేదు.

"వినబడిందా బావా?"

"వినబడింది. నేను పోలేను మార్నీ."

"ఏం, ఎందుకని?"

"కళ్ళు పోతున్నాయి. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనబడదు. ఇప్పుడు నీ మొహం ఉండాల్సిన చోట పొగ ఉంది."

గోతి అడుగున నీళ్ళు ఎక్కడో సన్నగా ఊరుతున్న చప్పుడు మార్నీకి అప్పుడే వినిపించింది.

"మరి ఇక్కడిదాకా ఎలా వచ్చావు?"

"ముందు నువ్వు నడిచావు, నీ వెనక బిస్కెట్ నడిచింది, దాని మీద నేను కూచున్నాను. కిందకి ఒక్కణ్ణే వెళ్ళాలంటే ఆ కాలిన అడవి దాటాలి. అడుగడుక్కీ చెట్లు పడున్నాయి, చుట్టు తిరిగెళ్ళి మళ్ళీ దారి పట్టుకోవాలి. నేను తప్పిపోతే నువ్విక్కడ ఉన్నావని కూడా ఎవరికీ తెలీదు."

"అక్కకి చెప్పావా?"

"చెబితే గాడిదల్ని అమ్మించేస్తుంది."

"అమ్మితే ఏమవుతుంది?"

"నేను వంటింట్లో కుర్చీలో కూచుంటాను. చచ్చేదాకా అదే కుర్చీ."

ఆమెకి ఒళ్ళు మండింది. తవ్విన మట్టి అంచుకి దూరంగా పోయమని పొద్దునే చెప్పింది. అదంతా అంచు మీదే కుప్పగా ఉంది. ఆయన దూరంగానే పోశాననుకుని ఉంటాడు. కానీ తిట్టడానికి నోరు రాలేదు. ఇంత లోతున గోడని మెట్లుమెట్లుగా కొయ్యాలని కొత్తవాళ్ళకి నేర్పేది తనే. బూడిద పడకముందటి పాతనేల బయటపడుతుందన్న ఆశలో, ఫొటోకి బావుంటుందని, గోడని నిటారుగా ఉంచింది కూడా తనే.

"సరే," అంది. "చేతులు బావున్నాయిగా?"

"చేతులకేం?"

"సామాను పెట్టెలు పగలగొట్టి పలకలు తే. పెద్ద మూకుడు కూడా."

పలకలు తాడుకి కట్టి దింపాడు. ఆమె వాటిని వెనకా పక్కలా గోడకి ఆనించి, మూకుడుతో చుట్టూ మట్టి తోడసాగింది. తోడిన గుంటలోకి తోడినంతా తిరిగి కారింది. ఎంత తోడినా నడుం నడుందాకానే ఉంది. కాళ్ళు మొదట నొప్పెట్టాయి. కాసేపటికి ఆ నొప్పి కూడా లేదు. వేసవిలో కూడా వెచ్చబడని నేల అది. ఎవరో తన కాళ్ళు విడిగా తీసుకెళ్ళి ఎక్కడో దాచినట్టుంది. పైన గొయ్యంత ఆకాశం బూడిదరంగులోకి తిరిగి, మంచు రజను రాలడం మొదలైంది. ఊపిరి పీల్చినప్పుడల్లా మట్టి పొట్టని నొక్కుతోంది. ఇక్కడే పోతే తన మీద కూడా గడ్డి మొలుస్తుందన్న ఆలోచన వచ్చింది. దాన్ని బలవంతంగా పక్కకి నెట్టి మూకుడు పట్టుకుంది.

అప్పుడు నీళ్ళ చప్పుడు గుర్తుచేసుకుంది. బూడిద నీళ్ళని వదలదు. దాని కింద ఉన్నది నీళ్ళ మీద తేలేంత తేలికైన నురగరాళ్ళ పొర, అది జల్లెడ. ఆ పొరకి దారి ఇస్తే నీళ్ళు పోతాయి, పోతే ఈ మట్టి కారడం మానుతుంది.

"బావా, వాగు చప్పుడు వినిపిస్తోందా?"

"ఆఁ, దిగువన, దగ్గర్లోనే."

"వాగు ఒడ్డున మొదలుపెట్టి నా గొంతు వైపు కాలువ తవ్వు. వెడల్పు అక్కర్లేదు, లోతు కావాలి. తేలికరాళ్ళు తగిలేదాకా."

ఆయన తవ్వాడు. ఆమె పాడలేదు, ప్రార్థించలేదు, మాట్లాడుతూనే ఉంది. "ఎడమకి. ఇంకా ఎడమకి. నా వైపు." చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయాక మూకుడుని పలకకేసి మెల్లగా తట్టింది. అరవై దాటిన మనిషి, మధ్యలో దగ్గుతూ కూలబడడం ఆమెకి వినబడింది. పార చప్పుడు ఆగిన ప్రతిసారీ ఆమె తట్టడం ఆపి చెవొగ్గింది.

"అలిసిపోయావా?"

"మీ అక్కతో కాపురం చేసినవాడికి అలుపేంటి," అన్నాడు రొప్పుతూ.

శిఖరం మీంచి వెలుగు తప్పుకునే వేళకి పార మొన గోతి దిగువ గోడలోంచి బయటికి పొడుచుకొచ్చింది. దాని వెంట నీళ్ళు గుడగుడమంటూ పోయాయి. మట్టి వెంటనే వదల్లేదు. చాలాసేపటికి, మూకుడుతో కోస్తే గుంట గుంటగానే నిలిచింది. ఇక దాన్ని ముక్కలుగా కోసింది. మోకాళ్ళు బయటపడ్డాక ఆయన తాడు అందించాడు. ఎడమ బూటు లోపలే ఉండిపోయింది.

ఆ రాత్రి గుడారంలో ఆయన ఆమె పాదాల్ని తన చొక్కా లోపల పొట్టకి ఆనించుకుని కూచున్నాడు. తెల్లవారాక ఆమె ముందు గాడిదెక్కి, పడిపోయిన చెట్లు తప్పిస్తూ దారి చూపింది. వెనక బిస్కెట్ మీద ఆయన వచ్చాడు.

కాలిన అడవి దాటాక అడిగింది. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెబుతాను. నువ్వు పక్కనుండు."

నడీన్ అంతా వింది. ఏడవలేదు. "చెల్లెల్ని చంపేవాడివి," అని ఒక్క మాట అనేసి, గుమ్మం దిగి గాడిదల జీనులు విప్పడానికి పోయింది. చాలాసేపు లోపలికి రాలేదు. చలికాలం మొదలయ్యేలోపు గాడిదలు వేరే లోయవాళ్ళకి వెళ్ళిపోయాయి. డెల్బర్ట్ చెప్పినట్టే కుర్చీలో కూచున్నాడు. బిస్కెట్ ఎలా ఉందో కనుక్కోమని మార్నీకి అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు.

చలికి చచ్చుబడ్డ రెండు వేళ్ళు మార్నీ ఎడమకాలికి తీసేశారు. మరుసటి వేసవిలో కుంటుకుంటూ మళ్ళీ ఆ గడ్డి మైదానానికి వెళ్ళింది. కొత్తగా చేరిన అమ్మాయి గొయ్యి తవ్వింది, గోడని మెట్లుగా కోసింది. లోతు నడుందాకా కూడా లేదు.

"దిగి చూడండి మేడమ్, పొరలు స్పష్టంగా ఉన్నాయి."

మార్నీ అంచున కూచుని ఒక కాలు లోపలికి వేలాడేసింది. రెండోది వెయ్యలేకపోయింది.

"నువ్వు చూసి చెప్పు," అంది. "నేను రాసుకుంటాను."