తప్పు పట్టిన వేలు

బ్రెయిలీ అచ్చుకూటంలో అందరూ ఆమెను చుక్కలక్క అనేవారు. పుట్టుకతో చూపు లేని ఆమెకు ఎడమ చూపుడువేలే కన్ను; మిగతా వేళ్ళకు చుక్కలు అంత తేటగా అందేవి కావు. దళసరి కాగితం మీద లేచిన చుక్కలను తడుముతూ ఆమె పైకి చదివేది. ఎదురు బల్ల దగ్గర, ఆమె బాబాయి అని పిలిచే పెద్దాయన మామూలు అచ్చుప్రతిని పట్టుకుని సరిచూసేవాడు. ఆయనకు చుక్కల లిపి రాదు, ఆమెకు సిరా లిపి రాదు. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ కలిసి తప్పులు ఏరారు.

ఒకనాడు తొమ్మిదో తరగతి విజ్ఞానశాస్త్రానికి చుక్కలు కొట్టిన జింకు రేకును సర్దబోతే, దాని అంచు ఆ వేలిని మొదలు దగ్గర లోతుగా కోసేసింది.

"తెగిన నరాలు కుట్టాను," అంది డాక్టరమ్మ. "నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. బయల్దేరడానికే నెల పట్టొచ్చు."

"కొస దాకా ఎంత దూరం?"

"డెబ్బై అయిదు మిల్లీమీటర్లు. కానీ మునుపటంత చురుగ్గా ఉంటుందని మాటివ్వలేనమ్మా."

వేలు రాకపోతే కుర్చీ పోవడం ఒక ఎత్తు. ఇక ఏ పుస్తకాన్నీ తనంతట తాను చదువుకోలేకపోవడం మరో ఎత్తు. మొదటిది మేనేజరు చెప్పాడు: వచ్చే ముద్రణ ప్రూఫులు చదవగలిగితే పాత చోటు, లేకుంటే టెలిఫోను బల్ల. రెండోది ఎవరూ చెప్పలేదు. ఆమే రోజూ చెప్పుకునేది.

సాయంత్రాలు బాబాయి ఆ రేకులోని పాఠమే పట్టుకొచ్చి చదివేవాడు.

"అదే ఎందుకు బాబాయ్?"

"నిన్ను కరిచిన దానిలో ఏముందో తెలుసుకోవద్దూ?"

అది కణజాలాల పాఠం. ఒకే పని కోసం కూడిన కణాల గుంపు కణజాలం. మనిషి ఒంట్లో ప్రధానంగా నాలుగు రకాలు. ఉపకళ కప్పి కాపాడుతుంది. సంయోజకం కలిపి నిలబెడుతుంది. కండరం ముడుచుకుని కదిలిస్తుంది. నాడి కబురు మోస్తుంది.

వేలు కూడా ఆ పాఠం వరసలోనే కోలుకుంది. రెండు వారాలకు చర్మం గాయాన్ని మూసింది. ఆరు వారాలకు, కండరాన్ని ఎముకకు కలిపే తెగిన స్నాయువు అతుక్కుంది. వేలిని వంచే కండరం ముంజేతిలో క్షేమంగానే ఉన్నా, పని లేక బద్ధకించింది; రబ్బరు బంతి నొక్కించి దాన్ని మేలుకొలిపారు. నాలుగోదైన నాడే చాన్నాళ్ళు ఉలకలేదు, పలకలేదు.

వడ్రంగి అయిన భర్త రోజూ పొద్దున పెన్సిలు మొండిచివరతో వేలి వెంట తట్టేవాడు. పెరుగుతున్న నరం చేరిన చోట తడితే చీమలు పాకినట్టు జివ్వుమనేది.

"ఇవాళ చీమలెక్కడున్నాయి?"

"మొదటి కణుపు దాటాయి."

ఉక్కుస్కేలు పెట్టి కొలిచి, "నా ఉలికంటే నయమే, వెనక్కి జారదు," అనేవాడు.

నాలుగో నెలలో ఆమె ఆ పాఠం పాత ప్రూఫు ముందు కూర్చుంది. వేలు కదిలింది, మాటలు దొర్లాయి. పంక్తి తరువాత పంక్తి గలగలా చదివేసి ఆమె నవ్వింది. బాబాయి మాత్రం నవ్వలేదు.

"అమ్మాయ్... కాగితం తలకిందులుగా పెట్టాను. పై అంచున ఉండాల్సిన పెన్సిలు గుర్తు కిందుంది, ఇప్పుడే చూశాను. పొరపాటు నాదే."

వేలు చదవలేదు. విని విని కంఠతా వచ్చిన పాఠాన్ని నోరు అప్పజెప్పింది, అంతే.

"ఇక ఆ పాఠం నా చెవిన వేయకు," అందామె. మరునాటి నుంచి ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు. చిన్నపిల్లలా మొదటినుంచి మొదలుపెట్టింది.

ఏడో నెలలో కొత్త రేకులు కొట్టారు. ప్రూఫు వచ్చింది. బాబాయి కాగితం పైభాగాన్ని రెండుసార్లు చూసుకుని మరీ ఆమె ముందుంచాడు. మేనేజరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆమె నెమ్మదిగా చదివింది; తడబడింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ కదిలింది. "కండరం... ముడుచుకుని... కదిలిస్తుంది." తరువాతి పంక్తి మీదికి వేలు దిగి ఆగిపోయింది. జ్ఞాపకం 'నాడి' అంటోంది. వేలు ఒప్పుకోవడం లేదు.

"కండరం ముడుచుకుని..."

"అది అయిపోయిందమ్మా. ఇప్పుడు నాడి," అన్నాడు బాబాయి దిగులుగా.

"నీ పుస్తకంలో నాడి. నా కాగితం మీద మళ్ళీ కండరమే. కొట్టిన పంక్తే కొట్టారు."

బాబాయి కళ్ళద్దాలు సర్దుకుని కాగితం మీదికి వంగాడు. చదవలేకపోయినా, చుక్కల అమరికను పోల్చగలడు కదా. పెన్సిలుతో ఒక్కొక్క అక్షరపు గడినీ చూశాడు. రెండు పంక్తులూ అచ్చంగా ఒకటే.

"తప్పు!" అని అరిచాడు. "మేనేజరుగారూ, తప్పు దొరికింది!"

మిషను దగ్గరి నుంచి రేకు కొట్టినవాడు తొంగిచూశాడు. "ఏంటక్కా, వచ్చీ రాగానే నామీదేనా?"

"నీ తప్పు నూరేళ్ళు వర్ధిల్లాలి తమ్ముడూ!"

మునుపు అరపుట చదివే సమయంలో ఇప్పుడు నాలుగు పంక్తులే అయ్యాయి. మేనేజరు గడియారం చూశాడు, ఆమె మొహం చూశాడు. టెలిఫోను బల్ల ఊసెత్తకుండా వెళ్ళిపోయాడు.

"కూర్చో బాబాయ్, ఇంకా పుటంతా ఉంది," అంటూ ఆమె వేలిని కిందికి దించింది. "ఇదిగో, వచ్చింది నీ నాడి."