చెరి సగం మాత్ర

కూరగాయలు తరిగే ముందు మాత్ర తరగడం ఆమెకు అలవాటైపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి, చెక్కపలక కడిగి తడి తుడిచి, షీటులోంచి ఒక మాత్ర వత్తి తీసి పలక మధ్యలో పెట్టేది. చిన్న గుండ్రటి మాత్ర. విరవడానికి వీలుగా మధ్యలో ఒక గీతయినా లేదు. కత్తి ఆనించి, ఊపిరి బిగబట్టి, పైనుంచి అరచేత్తో ఒక్కటి వేస్తే టక్కున రెండయ్యేది. సరిగ్గా సగానికి మాత్రం ఏనాడూ తెగలేదు. పెద్ద ముక్క సాసరులో వేసి అత్తగారి మంచం పక్కన పెట్టేది. చిన్న ముక్క తను మింగి, పలక మీద రాలిన పొడిని తడివేలితో అద్ది నాలుక్కి రాసుకునేది. ఆ తర్వాత అదే పలక మీద ఉల్లిపాయలు.

ఈ ఏర్పాటు ఆమె భర్తది. ఆయన ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాడు. ఎవరింట్లో ఏ గోడ వెనక ఏ వైరు పోతోందో చెయ్యి పెట్టి చెప్పగలడని పేరు. ఆ పేరు ఇంట్లో కూడా చెల్లుబాటు కావాలనుకుంటాడు. మూడు నెలల క్రితం డాక్టరమ్మ ఆమె బీపీ చూసి, ఒక్క మందుతో లొంగేలా లేదు, రెండు మందులు కలిసిన మాత్ర ఇస్తున్నాను, రోజూ పొద్దున్నే ఒకటి వేసుకోండి అంది. ఆ మాట ఆమె విన్న తీరు వేరు, ఆయన విన్న తీరు వేరు. వారం పోయాక, తల్లి మాత్రలు అయిపోయిన రోజు, పనినుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే తేల్చేశాడు. "రెండు మందులున్నాయంటే ఒక గొట్టంలో రెండు వైర్లు లాగినట్టన్నమాట. ఒకటి వంటింటికి, ఒకటి హాలుకి. నీకు ఇన్నాళ్ళూ ఒక్క మందే కదా సరిపోయింది, సగం వేసుకో. రెండో సగం అమ్మకి. దానికోసం వేరే ఆస్పత్రి, వేరే చీటీ, వేరే తిరుగుడూ ఎందుకు?" అత్తగారికీ బీపీ ఉంది. ఆవిడ మాత్ర వేరు, చూపించుకునే ఆస్పత్రి వేరు. అక్కడ వరసలో కూర్చోబెట్టడానికి కొడుక్కి తీరిక లేదు. అలా ఆవిడ మాత్ర ఆగిపోయింది, కోడలి మాత్ర రెండయింది.

ఆమె ఎందుకు ఊరుకుందంటే, ఆ ఇంట్లో ఏ పంపకం జరిగినా చిన్న ముక్క తనవైపు దొర్లడం ఆమెకు కొత్త కాదు. గాలి తగిలే కుర్చీ ఆయనది, గోడవైపు మంచం అత్తగారిది, ఆదివారం మధ్యాహ్నపు నిద్ర వాళ్ళిద్దరిదీ. ఇక ఆమె జబ్బు విషయానికొస్తే అది ఆయనకి నలుగురిలో చెప్పుకునే జోకు. "మా ఆవిడకి బీపీ ఏంటండీ, నాకు రాకుండా తను దాచిపెట్టుకుంది గానీ" అంటాడు. వచ్చినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి టీ పోస్తూ ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే, చూశారా బీపీ పెరిగింది అంటాడు మరి.

ఊరుకోవడానికి ఇంకో కారణం ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు మందుల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేదట. మొదటి వారం మాత్ర మొత్తం వేసుకున్నప్పుడు, పొద్దున పనిలోకి వెళ్ళిన కాసేపటికే బాత్రూంకి పరుగెత్తాల్సి వచ్చింది. ఆమె పనిచేసేది యూనిఫారాలు కుట్టే కంపెనీలో. చివరి బల్ల దగ్గర నిలబడి, కుట్టి వచ్చిన చొక్కాని తిప్పి చూసి, గుండీలు లాగి చూసి, వేలాడే దారాలు కత్తిరించాలి. బాత్రూం కింది అంతస్తులో ఉంది. కిందికి వెళ్ళాలంటే సూపర్‌వైజరు బల్ల మీదున్న టోకెను తీసుకోవాలి. వరుస మొత్తానికి అదొక్కటే. తీసుకునేటప్పుడు అతను ముందు గోడ గడియారం వైపు, తర్వాత మన మొహం వైపు చూస్తాడు. నోరు తెరిచి ఏమీ అనడు. ఆ చూపుకే ఆడవాళ్ళు అతనికి గడియారం అని పేరు పెట్టుకున్నారు. ఆ వారంలో ఆమె రెండోసారి టోకెను కోసం చెయ్యి చాపినప్పుడు మాత్రం అన్నాడు, "ఏంటక్కా, కింద ఏమన్నా సినిమా వేస్తున్నారా?" అని. వరుసంతా నవ్వింది. పెళ్ళీడు పిల్లలుండే వయసులో, పదిమందిలో, తన ఒంటికి సంబంధించిన ఆ ఒక్క సంగతి అలా ఆరుబయట ఆరేసినట్టయింది. సగం మాత్రతో ఆ పరుగు తగ్గింది. పొద్దున నీళ్ళు తాగడం మానేస్తే ఇంకా తగ్గింది. అందుకే భర్త చేసిన పంపకంలో ఆమెకూ ఒక లాభం కనిపించి, నోరు మెదపలేదు.

నిలబడి నిలబడి నడుం పట్టేసేది. అత్తగారి దగ్గర మోకాళ్ళ నొప్పుల మాత్రలు ఉండేవి. "నువ్వు నాకు సగం ఇస్తున్నావు కదమ్మాయ్, ఇది వేసుకో, ఊరికే ఏం తీసుకోను నేను" అని ఆవిడ ఒకటి చేతిలో పెట్టేది. అత్తాకోడళ్ళ మధ్య ఇన్నేళ్ళలో సజావుగా నడిచిన ఇచ్చిపుచ్చుకోడం అదొక్కటే. అందుకే అందులో తప్పుంటుందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఆరోజు మధ్యాహ్నం ఒక చొక్కాకి రెండు వరసల గుండీలు కనిపించాయి. ఇదేం కుట్టు అనుకుని పక్కన పడేసింది. తర్వాతి చొక్కాకీ రెండు వరసలే. మెడ వెనక ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. బల్ల అంచు పట్టుకుని అలాగే బట్టల మూట మీద కూలబడింది. గడియారం వచ్చి, ఆమె పక్కన పడేసిన చొక్కాలు ఒక్కొక్కటీ ఎత్తి చూసి, "వీటిల్లో తప్పేముందక్కా? కళ్ళజోడన్నా మార్చుకోండి, లేకపోతే ఇంట్లోనన్నా కూర్చోండి" అన్నాడు. ఆమెకి ఆ మాట కంటే, తన కళ్ళు తనతో అబద్ధం చెప్పాయన్న సంగతికి ఎక్కువ భయం వేసింది. ఆమె తల్లి ఇలాగే ఒకరోజు గిన్నె తోముతూ తోముతూ ఒరిగిపోయింది. తర్వాత ఉన్నన్నాళ్ళూ కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో సామాను పెట్టుకున్నట్టు పెట్టుకుని కూర్చునేది.

సాయంత్రం ఎలాగూ డాక్టరమ్మకి చూపించుకునే రోజు. ఆస్పత్రికి ఎప్పుడూ ఇద్దరే వెళ్తారు. ఆమె కుర్చీలో కూర్చుంటుంది, ఆయన పక్కన నిలబడి ఆమె ఒంటి సంగతులు చెప్తాడు. నిద్ర పడుతోందా అని డాక్టరమ్మ ఆమెని అడిగితే, హాయిగా పడుతోందండీ అని ఆయన అంటాడు. ఉప్పు తగ్గించారా అంటే, తనకి చప్పగా ఉన్నా సర్దుకుంటున్నానని చెప్తాడు. ఆరోజూ అంతే. డాక్టరమ్మ పట్టీ చుట్టి గాలి నింపి చూసింది. కాసేపాగి రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. మొహంలో రంగు మారింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"ఒక్కరోజు కూడా మానలేదండీ. నేను దగ్గరుండి చూస్తాను కదా" అన్నాడు ఆయన.

"అయితే ఈ మోతాదు చాలట్లేదు. పెద్దది రాస్తాను" అని డాక్టరమ్మ కలం తీసింది.

ఆ కలం కాగితాన్ని తాకేలోపు ఆమె బుర్రలో చాలా తిరిగాయి. పెద్ద మాత్ర వస్తుంది. రేపు పొద్దున అదీ చెక్కపలక మీదికి ఎక్కుతుంది. పెద్ద ముక్క, మంచం మీంచి లేస్తే గోడ పట్టుకునే ముసలావిడ నోట్లోకి పోతుంది. చాలదన్నది మందు కాదు, సగం. ఆ సంగతి ఈ గదిలో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు చెప్పరు. ఇక మిగిలింది తను. చెప్తే ఆయన పరువు పోతుంది. దారి పొడుగునా మాట్లాడడు, ఇంటికెళ్ళాక కంచం ముందు కూర్చుని ఆకలి లేదంటాడు. చెప్పకపోతే అమ్మ కుడిచెయ్యి.

"మందు చాలక కాదండీ" అంది. గొంతు తనది కానట్టు వచ్చింది. మళ్ళీ సవరించుకుని, ఈసారి తన గొంతుతోనే చెప్పింది. "నేను సగమే వేసుకుంటున్నాను. మిగతా సగం మా అత్తయ్యకి ఇస్తున్నాం. ఆవిడ మాత్ర ఆపేశాం. ఆవిడ నొప్పుల మాత్రలు నడుం నొప్పికి నేను వేసుకుంటున్నాను. ఇవాళ పనిలో ఒక వరస గుండీలు నాకు రెండుగా కనిపించాయి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఆయన వైర్ల సిద్ధాంతం మొదలుపెట్టబోయాడు గానీ, సగం చెప్పేసరికి ఆయనకే అది బాగా వినిపించినట్టు లేదు. డాక్టరమ్మ ఆయనతో కాకుండా ఆమెతో మాట్లాడింది. "అందులో మందులు పక్కపక్కన ఉండవమ్మా. రెండూ కలిసిపోయి ఉంటాయి. ఎక్కడ కోసినా రెండూ వస్తాయి, రెండూ చాలకుండా వస్తాయి. మీకు కుదిరిన మందు ఆవిడకి కుదరకపోవచ్చు, ఆవిడ కిడ్నీల సంగతి నాకు తెలీదు. ఇంక ఆవిడకి ముక్క కూడా ఇవ్వద్దు. రేపే తీసుకురండి, పాత చీటీలూ మాత్రలూ అన్నీ పట్టుకురండి." నొప్పుల మాత్ర బీపీని పెంచుతుందని, ఈ మందుతో కలిస్తే కిడ్నీల మీద పడుతుందని, అది వెంటనే మానేయమని చెప్పింది. రేపటినుంచి మాత్ర మొత్తం వేసుకోవాలి. ఇన్నాళ్ళూ పోయింది పూడ్చుకుందామని ఒకేసారి రెండేసి వేసుకోకూడదు. లేచేటప్పుడు నిదానంగా లేవాలి. కళ్ళు తిరిగితే తనంతట తను ఆపేయకుండా ఫోన్ చెయ్యాలి. మళ్ళీ ఇవాళ్టిలా రెండుగా కనిపించినా, మాట తడబడినా, చెయ్యి బరువెక్కినా, ఎవరికోసమూ ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్ళిపోవాలి. రక్తపరీక్ష చేయించుకుని రెండు వారాల్లో రమ్మంది.

అనుకున్నట్టే ఆయన దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటి మెట్లెక్కుతూ అన్నాడు, "ఇంట్లో మాట ఇంట్లో ఉండాలని తెలీదా నీకు?"

"అది ఇంట్లో మాట కాదండీ, నా ఒంట్లో మాట" అంది ఆమె. ఆయన కంచం ముందు కూర్చుని ఆకలి లేదన్నాడు. ఆమెకి ఆకలేసింది. తిన్నది.

అత్తగారు మంచం మీంచే అంతా విన్నది. కోడలు నొప్పుల మాత్ర వెనక్కివ్వడానికి వెళ్తే ముందు రుసరుసలాడింది. "నా చేతిది విషమని చెప్పిందా మీ డాక్టరమ్మ?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున లేవగానే గది గిర్రున తిరుగుతోందే అమ్మాయ్. వాడితో చెప్తే, వయసమ్మా అది, తిరగదా మరి అన్నాడు. సగం మాత్ర ఇచ్చిన కొడుకుని ఏమంటాను చెప్పు" అంది. ఆవిడ అన్ని మాటలు కోడలితో అన్నది అదే మొదలు.

"రేపు అత్తయ్యని మీరు తీసుకెళ్తున్నారు" అని ఆమె హాల్లోకి వచ్చి భర్తతో చెప్పింది. అడగలేదు, చెప్పింది. "డాక్టరమ్మ అడిగినవాటికి ఆవిడే జవాబు చెప్తారు. మీరు పక్కన కూర్చోండి చాలు." ఆయన మర్నాడు ఎవరింట్లోనో మీటరు పని ఉందన్నాడు. అది ఎల్లుండి కూడా ఉంటుంది అంది ఆమె. పొద్దున్నే తల్లికి చెప్పులు తొడిగి, గొణుక్కుంటూనే తీసుకెళ్ళాడు.

పనిలో ఇంత తేలిగ్గా కాలేదు. మాత్ర మొత్తం వేసుకుని, దాహమేసినప్పుడు నీళ్ళు తాగి, వరుస మొదలవక ముందే గడియారం దగ్గరికి వెళ్ళింది. "నేను బీపీ మందు వాడుతున్నాను. పొద్దునపూట బాత్రూంకి వెళ్ళక తప్పదు. టోకెను ఉంటే తీసుకుని వెళ్తాను. లేకపోతే మీకు చెప్పి వెళ్తాను." అతను అలవాటుగా గోడ వైపు చూశాడు. ఆమె అతని మొహం వైపే చూస్తూ నిలబడింది. కాస్త చిన్నబోయి, "ఇవన్నీ నాతో చెప్పాలా అక్కా, ఆడవాళ్ళ విషయాలు" అన్నాడు. బీపీ మగవాళ్ళకి కూడా వస్తుందని చెప్పి ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ వారంలోనే ఆమెని చెకింగు నుంచి తీసేసి కింద ప్యాకింగులో వేశారు. శిక్షే అది. చెకింగులో చెయ్యి తిరిగినదని ఆమెకున్న చిన్న గొప్ప పోయింది. అట్టపెట్టెలకి టేపు అంటిస్తూ రెండు రోజులు ఏడుపొచ్చినంత పనయింది. అయితే ప్యాకింగు గది పక్కనే బాత్రూం. ఇంకా పైనుంచి టోకెనుతో దిగే ఆడవాళ్ళలో ఒకళ్ళిద్దరు ఆగి, గొంతు తగ్గించి, తాము కూడా నీళ్ళు తాగడం మానేశామని చెప్పసాగారు. తాగండి, అనేది ఆమె. వాళ్ళు నవ్వేవారు. మర్నాడు ఒకావిడ నీళ్ళ సీసా తెచ్చుకుంది.

రెండు వారాలు గడిచాయి. రక్తపరీక్ష కాగితం సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే ఆయన చొక్కా తొడుక్కోబోయాడు. వద్దులెండి, నాకు దారి తెలుసు అంది ఆమె. కోపంగా అనలేదు. ఆయన ఒక చెయ్యి చొక్కాలో పెట్టి అలాగే నిలబడిపోయాడు.

ఆస్పత్రి ముందు గదిలో పేర్లు రాసే అమ్మాయి తలెత్తి ఆమె వెనక గుమ్మం వైపు చూసింది. ఎవరూ కనిపించకపోయేసరికి అడిగింది, "ఏంటమ్మా, ఇవాళ మీతో ఎవరూ రాలేదా?"

"నేనొచ్చాను కదా" అంది ఆమె.