పక్క సీటు బరువు

పళ్ల డాక్టరుకి ఆ స్పోర్ట్స్ కారంటే ప్రాణం. లోకంలోని పళ్లన్నీ పీకి సంపాదించింది దానికే ధారపోశాడు, మహానుభావుడు. ఆదివారం రేసు ట్రాక్ మీద దూసుకుపోవాలి, సోమవారం ఒళ్లు హూనం కాకుండా క్లినిక్‌కి చేర్చాలి. రెండూ ఒక్క బండే చేయాలంటే మెకానిక్కుకి చచ్చే చావు.

మెకానిక్కు ముక్కుసూటి మనిషి. పెద్ద బ్రేకులు వేశాడు, స్ప్రింగులు మార్చాడు. చివరికి నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టాడు. కూర్చునేవాళ్లతో సహా ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో తూచి, స్ప్రింగుల ఎత్తు సరిచేస్తేనే బండి నిలకడగా ఉంటుంది.

"పక్క సీటు పీకేద్దాం సార్. ట్రాక్ మీదకెళ్లేవాళ్లంతా అదే చేస్తారు."

"వద్దొద్దు. మా ఆవిడ కూర్చుంటుంది. స్ప్రింగులు కూడా మరీ గట్టిగా వద్దయ్యా, తనకి నడుం నొప్పి."

"మేడమ్ ఎంత బరువుంటారు?"

"యాభై ఎనిమిది," అన్నాడు డాక్టరు తడుముకోకుండా.

ఆవిడ ఇల్లొదిలి వెళ్లిపోయి మూడేళ్లయింది. ఇప్పుడెంత బరువుందో ఈయనకేం తెలుసు, పాపం. కానీ ఆ సీట్లో ఎవరూ కూర్చోరని చెప్పడానికి నోరు రాలేదు. ఎప్పటికైనా వస్తుందన్న ఆశ ఇంకా చావలేదు. మెకానిక్కు యాభై ఎనిమిది కిలోల ఇసుక మూటలు పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టాడు. డాక్టరు వాటి పక్కన గంటసేపు కూర్చున్నాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, హాయిగానే అనిపించింది.

ఆదివారం ట్రాక్ మీద, మూడో మలుపు దగ్గర బ్రేకు తొక్కగానే కారు పక్కకి లాగేసింది. గిర్రున తిరిగి గడ్డిలోకి పోయింది. దెబ్బలేమీ తగల్లేదు. చూడ్డానికొచ్చిన మెకానిక్కు పరుగున వచ్చి బ్రేకులూ టైర్లూ తడిమి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. పక్క సీటు ముందున్న రబ్బరు పట్టా మీద మాత్రం ఒక్క అడుగు మరకైనా లేదని అప్పుడే గమనించాడు.

"ఇద్దరికి సరిచేసిన బండి సార్ ఇది. ఒక్కరే తోలితే ఇలాగే లాగుద్ది. ట్రాక్ సంగతి సరే, రోడ్డు మీదైనా మేడమ్ వస్తున్నారా?"

డాక్టరు హెల్మెట్ తీయలేదు. "రాదయ్యా. మూడేళ్లయింది, వాళ్లక్క దగ్గరుంటోంది."

"ఒక్క ముక్క చెప్పుంటే పోయేది కదా సార్. ప్రాణం మీదకి తెచ్చుకున్నారు."

"చెప్పబుద్ధి కాలేదు."

మెకానిక్కు మర్నాడు మళ్లీ కాటాలు పెట్టి, వాటి వైపే చూస్తూ, "ఈసారి ఎంతమందికి సార్?" అని అడిగాడు.

డాక్టరు పక్క సీటు వైపు తలుపు మూసేశాడు.

"ఒక్కడికే," అన్నాడు.

ఇంటికి వెళుతూ ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కి చూశాడు. కారు గీత గీసినట్టు తిన్నగా వెళ్లి ఆగింది. అంత బాగా అది ఎన్నడూ ఆగలేదు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.