జపాన్ నుంచి మూడో రోజుకే

మా అత్త వెంకటరమణమ్మ ఎంత మొండిదో ఓడరేవు పక్కనున్న మా మల్కాపురమంతా ఎరుగును. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో ఆవిడ కడుపులో గడ్డ తేలింది. వారంలోగా ఆపరేషన్ చేయకపోతే కష్టమని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పేశాడు. ఒప్పుకోలు కాగితం మీద ఈవిడ వేలిముద్ర వేస్తేనా?

"నా గవర్రాజు మొగం సూడకుండా నా కడుపు కొయ్యనివ్వను. పోతే పోతాను," అంది.

గవర్రాజు అంటే మా ఆయన. ఓడలో ఖలాసీ. ఇనప ఖనిజం ఓడతో జపాన్ వెళ్ళాడు. కంపెనీ ద్వారా కబురు పంపితే "బయల్దేరాను" అని టెలిగ్రాం వచ్చింది. అది చేత్తో పట్టుకుని రోజులు లెక్కపెట్టాను. మా పేటలో దూరాన్ని మైళ్ళలో చెప్పుకోం, ఓడ నడిచే రోజుల్లో చెప్పుకుంటాం. సింగపూరంటే వారం. జపానంటే పక్షం రోజుల పైమాటే. మా అత్తకు ఆ లెక్క కొట్టినపిండి.

"అయితే ఆడొచ్చీసరికి నాను ఉండన్లేవే కాంతం," అని గోడవైపు తిరిగి పడుకుంది.

తిట్టాను, బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. ససేమిరా అంది. తల్లి లేకుండా కాపురానికొచ్చిన నాకు తలంటి పోసి, జడ వేసి, కన్నకూతురిలా చూసుకున్న మనిషి. ఆవిడ లేని ఇంట్లో నేనెలా ఉంటానని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఏడ్చాను.

మూడో రోజు పొద్దున్న వార్డు గుమ్మంలో మా ఆయన నిలబడ్డాడు! మాసిన గడ్డం, భుజాన సంచి. అత్త చూసింది. మురిసిపోతుందనుకుంటే కెవ్వున కేకేసింది.

"ఓలమ్మో! ఓడ ములిగిపోనాదే కాంతం! నా కొడుకు సచ్చిపోయి నాకోసం వొచ్చీసినాడే!"

వార్డంతా లేచి కూర్చుంది. అబద్ధమెందుకు, నాకూ ఒళ్ళు జలదరించింది.

"నానేనే అమ్మా! కెప్టెన్ బాబు ఇమానం ఎక్కించీసినాడు. పొద్దున్న జపాన్‌లో ఎక్కితే రేత్రికి కలకత్తా. అక్కడ్నుంచి మనూరికి రైలే ఎక్కువ సేపు పట్టింది."

"ఏటి, అంత సముద్రం ఒక్క పూటలోనా? కాళ్ళు సూపించరా!"

దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా. మా ఆయన బూట్లు విప్పి పాదాలు మంచం మీద పెట్టాడు. అత్త వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది. తిన్నగానే ఉన్నాయి. "తప్పే అమ్మా" అని ఆయన వెనక్కి లాక్కోబోతుంటే, ఆ రెండు పాదాలూ గుండెకు హత్తుకుని భోరుమంది.

"ఒలే కాంతం, డాక్టరు బాబుని పిలవే. ఏలుముద్దరేసీత్తాను."

ఇది జరిగి ఏడేళ్ళు. ఆ కెప్టెన్ పార్సీ ఆయనట. దీపం పెట్టినప్పుడల్లా ఆయన చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంటాను. మా అత్త లెక్క వేరు. నెత్తిమీద విమానం మోత వినబడితే చాలు, పొయ్యి మీద కూర మాడిపోతున్నా సరే, వీధిలోకొచ్చి చేతులు జోడిస్తుంది.

"ఏ నేవీవాళ్ళదో పోతంది, దానికెందుకే దండాలు?" అంటాను.

"ఎవురిదైతే నీకేటి? ఎవురి కొడుకునో ఎవురి తల్లి కాడికో తీసుకెల్తంటాది," అంటుంది.